కంట్రోల్ కీ బదిలీ

గోనెసంచుల ప్రమాణీకరణ సంస్థలో గాలి కూడా ఆర్డరు లేకుండా ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి పోదని పడాల గవర్రాజుకి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలిసిపోయింది. కుర్చీ జరపాలంటే ఫైలు. ఫ్యాను బాగుచేయించాలంటే ఫైలు. రాష్ట్రంలో తయారయ్యే ప్రతి గోనెసంచీ గోనెసంచీలాగే ఉందా లేదా అని చూడటం ఆ సంస్థ పని. ఉందనే ఇంతవరకూ తేలింది. అయినా విజయవాడలో మూడంతస్తుల హెడ్డాఫీసు, జిల్లాకో బ్రాంచి, ప్రతి బ్రాంచికీ ఓ బోర్డూ, ఆ బోర్డు నీడన ఓ కుక్కా ఏర్పాటయ్యాయి.

గవర్రాజు హెడ్డాఫీసులో జూనియర్ అసిస్టెంటు. అతని భార్య మంగతాయారు అదే సంస్థ నరసాపురం బ్రాంచిలో స్టోర్స్ క్లర్కు. పెళ్లయిన కొత్తలోనే ఇద్దరికీ ఒకేసారి ఉద్యోగాలొచ్చాయని చుట్టాలంతా కుళ్లుకున్నారు. కుళ్లుకోవలసినంత ఏమీ లేదు. అప్పట్నుంచీ వాళ్ల సంసారం శనివారం రైలెక్కితే మొదలై ఆదివారం రైలెక్కితే అయిపోతోంది. ఆరేళ్లుగా ప్రతి వేసవి బదిలీల్లోనూ "భార్యాభర్తలు ఒకేచోట" అనే స్పౌజ్ కోటా కింద నరసాపురం ఇప్పించమని గవర్రాజు అర్జీ పెట్టుకోవడం, "పరిశీలనలో ఉన్నది" అని జవాబు రావడం. చిత్రగుప్తుడి దగ్గర కూడా ఏదీ అంతకాలం పరిశీలనలో ఉండదు.

ఈ ఏడు మాత్రం అదృష్టం తలుపు తట్టింది. అర్జీ మెట్టు మెట్టూ ఎక్కి డైరెక్టరు గారి బల్ల దాకా వెళ్లింది. నెలాఖరుతో బదిలీల గడువు అయిపోతుంది, ఆ తర్వాత మళ్లీ నిషేధం. ఈలోగా ఒక్క సంతకం పడితే చాలు.

"ఈసారి నీకు ఖాయమోయ్. నాదీ పూచీ," అన్నారు సూపరింటెండెంటు త్రిపురాంతకం గారు. సర్వీసు రూల్సు ఆయనకి నిద్రలో కూడా వచ్చు. నిద్రలోనే ఎక్కువగా వచ్చేవని గిట్టనివాళ్లు అంటారు.

గవర్రాజు ఆ మాట ఫోన్లో చెప్పేసరికి మంగతాయారు, "నిజవేనాండీ? ఈసారన్నా నమ్మచ్చాండీ?" అని రెండుసార్లు అడిగింది. నమ్మమన్నాడు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు సుధీంద్రనాథ్ గారు బెంగుళూరులో శిక్షణ ముగించుకుని వచ్చారు.

వస్తూనే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లోకి నడిచి, హెడ్డాఫీసు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు దగ్గర గవర్రాజు కీబోర్డు మీదికి వంగి, ఎడమవైపు అడుగున ఉన్న మీటని చూపించి, "ఈ కంట్రోల్ కీ ఇక్కడ ఎవరు పెట్టారు?" అని అడిగారు.

సెక్షనంతా కుర్చీల్లోంచి లేచి నిలబడింది.

"కొన్ననాటి నుంచీ అక్కడే ఉందండి," అన్నారు త్రిపురాంతకం గారు.

"అదే ఘోరం! దీన్ని నొక్కాలంటే చిటికెనవేలు ఇలా మెలితిప్పి కిందికి దించాలి. దించీ దించీ నా వేలెలా తయారైందో చూడండి." సెక్షనంతా వరసగా వచ్చి వేలు చూసి, అయ్యో అని వెళ్లింది. "కంట్రోల్ ఉండవలసింది ఇక్కడ కాదు. పైన, క్యాప్స్ లాక్ కూచున్న చోట. అసలా క్యాప్స్ లాక్‌తో ఎవరికైనా పనుందా? నిక్షేపం లాంటి చోటు దానికి కట్టబెట్టారు. బెంగుళూరులో తెలిసినవాళ్లంతా మార్చేసుకున్నారు. మనమూ మార్చేద్దాం. రెండు నిమిషాల పని."

ఆయన మార్చేద్దాం అనకుండా ఉండవలసింది. త్రిపురాంతకం గారికి ఒకచోట ఉన్నది ఇంకోచోటికి వెళ్లే దారి ఒక్కటే తెలుసు.

"గవర్రాజూ, నోట్ ఫైల్ తెరువు," అన్నారాయన కుర్చీ ముందుకి లాక్కుని. "రాసుకో. విషయము: కంట్రోల్ అను మీట బదిలీ గురించి. పై విషయమై సమర్పించుకొనునదేమనగా, సదరు మీట చేరిననాటి నుండి నేటి వరకు ఎట్టి బదిలీయు లేక ఒకే స్థానమున కొనసాగుచున్నది. ఇట్లు దీర్ఘకాలము ఒకేచోట నుండుట వలన స్థానికముగా పలుకుబడి పెంచుకొను ప్రమాదము కలదు..."

"సార్, అది మీట కదండీ!"

"మీటైతే? జీతం తీసుకోదనేగా నీ అభ్యంతరం? జీతం తీసుకుని పనిచెయ్యనివాళ్లని బదిలీ చేస్తున్నాం. పనిచేసి జీతం తీసుకోనిదాన్ని చెయ్యకూడదని ఏ రూల్లో ఉంది?"

గవర్రాజు 'ప్రమాదము కలదు' అని కొట్టి తలెత్తాడు.

"మరి నా ఫైలండీ?"

"ముందు సీనియర్ల సంగతి తేలనియ్యవయ్యా. ఆ కీబోర్డు నువ్వు చేరకముందు కొన్నది."

మర్నాటికల్లా సంగతి ఉద్యోగుల సంఘం చెవిన పడింది. సంఘం అధ్యక్షుడు కొండ్రు ప్రకాశరావు భోజనాల వేళ మెట్ల మీద నిలబడి కండువా సర్దుకున్నాడు.

"సోదరులారా! కంట్రోల్‌ని పైకి తీసుకెళ్తారంట. మంచిదే. మరి క్యాప్స్ లాక్ మాటేంటి? మధ్య వరసలో గౌరవంగా బతుకుతున్న క్యాప్స్ లాక్‌ని అట్టడుగు వరసలోకి దించుతారా? ఇది బదిలీ కాదు, డిమోషన్! ఇయ్యాల క్యాప్స్ లాక్, రేపు మనం!"

చప్పట్లు మార్మోగాయి. రోజంతా ఏ పనీ లేకుండా కూచుని, ఎవరి వేలైనా పొరపాటున తగిలితే మాత్రం గొంతు పెద్దది చేసుకుని మీద పడే క్యాప్స్ లాక్ అంటే ఆ ఆఫీసులో చాలామందికి ఎందుకో సొంత మనిషిలాగ అనిపించింది. ఏనాడూ ధర్నాకి రాని క్యాషియరు కూడా వచ్చి ముందు వరసలో బాసింపట్టు వేసుక్కూచున్నాడు.

డైరెక్టరు గారు కంగారుపడిపోయారు. "ఏమిటయ్యా ఇది? నా చిటికెనవేలు నొప్పి పుడుతోందన్నాను, అంతేగా?"

"తమరేం బెంగపడకండి. రూల్లో లేని దారి లేదు," అన్నారు త్రిపురాంతకం గారు. "అందర్నీ పిలిచి, ఎవరికే చోటో తేల్చే బదిలీల కౌన్సెలింగ్ పెట్టేద్దాం."

కాన్ఫరెన్స్ హాల్లో పొడుగు బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద కీబోర్డునీ, పక్కన పూలగుత్తినీ పెట్టారు. ఒకపక్క డైరెక్టరు గారు, ఒకపక్క సంఘం. వివరాలు రాసుకోవడానికి గవర్రాజు. గడువు చూస్తే కరిగిపోతోంది. ఇది తేలిపోతే తన ఫైలు పైకొస్తుందని ముక్కోటి దేవతలకీ మొక్కుకుంటున్నాడు.

త్రిపురాంతకం గారు కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని కీబోర్డుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరిశీలించారు. కుడివైపు అడుగున చూపు ఆగిపోయింది.

"గవర్రాజూ, ఇదేమిటి?"

"అదీ కంట్రోలేనండి. కుడివైపుది."

"అదే పేరా?"

"అదే పేరండి."

"రెండూ ఒకేనాడు చేరాయా?"

"ఒకే కీబోర్డు కదండీ మరి!"

త్రిపురాంతకం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒకే పేరు, ఒకే పని. ఒకళ్లు ఈ మూల, ఒకళ్లు ఆ మూల. నడుమ ఇంత స్పేస్ బారు! ఇన్నేళ్లూ నోరెత్తి ఒక్క అర్జీ అయినా పెట్టుకోలేదు పాపం. సార్, ఇది స్పష్టంగా స్పౌజ్ కేసండి."

ప్రకాశరావు కండువాతో కళ్లొత్తుకున్నాడు. గవర్రాజుకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్! అవి మొగుడూ పెళ్లాలని రుజువేంటండీ?"

"కాదని రుజువేమిటోయ్? ఏనాడైనా మనం వాటిని అడిగామా?"

"ఆరేళ్ల నుంచి నేను అడుగుతున్నాను కదండీ!"

"అడిగినవాడికి ఇవ్వడం ఏముంది? అడగలేనివాళ్ల గోడు చూడటమే పరిపాలన," అని త్రిపురాంతకం గారు అక్కడికక్కడ ఆర్డరు చెప్పడం మొదలుపెట్టారు. ఎడమ కంట్రోల్‌కి క్యాప్స్ లాక్ సీటు. ఎడమ కంట్రోల్ ఖాళీ చేసిన సీట్లోకి కుడి కంట్రోల్. ఇకమీదట ఆలుమగలు ఒకే వైపున ఉంటారు. మధ్యలో షిఫ్ట్ కీ ఒక్కటే అడ్డం. ఏ కాపురంలోనైనా ఆమాత్రం అత్తగారి గది ఉంటుంది కదా అన్నారాయన.

"క్యాప్స్ లాక్ అడుగు వరసకి పోదు! ఖబడ్దార్!" అని ప్రకాశరావు లేచాడు.

"ఎవరు పొమ్మన్నారయ్యా? మధ్య వరసలోనే ఇస్తాం." త్రిపురాంతకం గారు రాష్ట్రంలోని ఖాళీల పట్టిక తిరగేశారు. రాష్ట్రం మొత్తానికి మధ్య వరసలో ఒకే ఒక్క ఖాళీ ఒక బ్రాంచిలో ఉంది. ఆ బ్రాంచి కీబోర్డులో క్యాప్స్ లాక్ ఊడిపోయిందని ఎన్నాళ్ల కిందటో ఉత్తరం వచ్చింది. "నరసాపురం. వేస్తున్నాను. సంతోషమేనా?"

సంఘం జిందాబాద్ కొట్టింది. డైరెక్టరు గారు చిటికెనవేలు నిమురుకుంటూ సంతకం పెట్టేశారు. స్పౌజ్ కోటా ఏడాదికి ఒక్కరికే కాబట్టి, అది భర్తీ అయిన కారణంగా శ్రీ పడాల గవర్రాజు అర్జీ తిరస్కరించడమైనదని ఇంకో ఆర్డరు కూడా వెంటనే పడింది. దాన్నీ గవర్రాజే టైపు చెయ్యవలసొచ్చింది.

ఆ సాయంత్రం మంగతాయారుకి ఫోను చెయ్యడానికి అతనికి నోరు రాలేదు. ఆవిడే చేసింది.

"పోయిందే," అన్నాడు. "నరసాపురం వేరేవాళ్లకి ఇచ్చేశారు."

"ఎవరికండీ?"

"క్యాప్స్ లాక్‌కి."

"ఎవరి తాలూకండీ ఆయన?"

"ఆయనేంటే, మీట! కీబోర్డులో మీట!"

"మీకు జొరం గానీ తగిలిందేంటండీ?" అంది మంగతాయారు మెల్లిగా. అతను జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"మరి స్పౌజ్ కోటా?"

"కంట్రోల్‌కి."

"దానికి పెళ్లెప్పుడైందండీ!" అని మంగతాయారు ముందు పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "ఆరేళ్లండీ. వారానికోసారి చుట్టంలా వచ్చి పోతన్నారు. ఓ మీట పాటి చెయ్యలేదాండీ మనం?"

ఫోను పట్టుకుని గవర్రాజూ ఏడిచాడు.

రిలీవ్ చేసే రోజు రానే వచ్చింది. గవర్రాజు స్క్రూడ్రైవరు పెట్టి మూడు మీటల్నీ ఊడబెరికాడు. కంట్రోల్ దంపతుల్ని ఓ కవర్లో పెట్టి, కొత్త సీట్లో చేరేముందు ఇచ్చే జాయినింగ్ టైం కింద బీరువాలో ఉంచారు. క్యాప్స్ లాక్‌ని ఇత్తడి పళ్లెంలో పెట్టి, శాలువా మరీ పెద్దదవుతుందని చేతిరుమాలు కప్పి, వీడ్కోలు సభ చేశారు. "ఆయన ఉన్నంతకాలం ఎవరి జోలికీ పోలేదు. ఎవరి ఫైలూ ఆపలేదు," అని ప్రకాశరావు గద్గదంగా చెబుతుంటే, పకోడీ నముల్తున్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆపారు.

జాయినింగ్ టైంలో ఆఫీసు పడకేసింది. ఎందుకంటే ఆ సంస్థలో ఆర్డర్లు ఎవరూ రాయరు. పూర్వం ఎవరో మహానుభావుడు రాసిపెట్టినవాటిని కంట్రోల్ నొక్కి కాపీ చేసి, కంట్రోల్ నొక్కి పేస్టు చేసి, పేరు మారుస్తారు. పేరు మార్చడం మర్చిపోయినవీ చాలానే అమల్లో ఉన్నాయి. ఆ పని మౌస్‌తో కూడా అవుతుందని ఎవరో అన్నారు గానీ, మౌస్‌కి ఆ అధికారాలు దఖలుపరుస్తూ ఎక్కడా ఉత్తర్వు లేదు. ఒక సీనియర్ అసిస్టెంటు తెగించి సొంతంగా ఒక వాక్యం మొదలుపెట్టాడు. సగంలో కళ్లు తిరిగితే సోడా పట్టించి ఇంటికి పంపించారు.

చివరికి మంచిరోజు చూసి కంట్రోల్ కొత్త సీట్లో చేరింది. గవర్రాజు నొక్కి బిగించాడు. డైరెక్టరు గారు అరచేతులు రుద్దుకుంటూ కూచుని, వేలు మెలితిప్పకుండా హాయిగా పక్కకి చాపి, కొత్త కంట్రోల్ నొక్కి ఎస్ కొట్టారు. ఫైలు సేవ్ కాలేదు. తెర మీద ఎస్ పడింది. అక్కణ్నుంచి ఏ అక్షరం కొట్టినా ఇంత పెద్దదిగా పడుతోంది.

"ఇదేమిటయ్యా! ఇది క్యాప్స్ లాక్ పనే చేస్తోంది!"

"మరి ఆ సీటు పని అదే కదండీ," అన్నారు త్రిపురాంతకం గారు ఓపిగ్గా. "మనిషి మారితే సీటు పని మారుతుందాండీ? నేనొచ్చి మీ కుర్చీలో కూచుంటే సంతకాలే కదండీ పెడతాను?"

"మరిప్పుడు కంట్రోల్ కావాలంటే ఏది నొక్కాలి?"

"పాత చోటే నొక్కాలండి. అక్కడిప్పుడు శ్రీమతి కంట్రోల్ గారున్నారు."

డైరెక్టరు గారు కీబోర్డు వంక చూశారు. మీటల మీది పేర్లు మారాయి, కుడివైపు ఓ బొక్క పడింది, చిటికెనవేలు మాత్రం మళ్లీ కిందికే దిగాలి. ఆయన గదిలోకి వెళ్లి, కీబోర్డు ముట్టుకోనక్కర్లేని ఏ శాఖకైనా సరే మార్చెయ్యండి మహాప్రభో అని పైవాళ్లకి మొరపెట్టుకున్నారు. పెద్ద ఉద్యోగం కాబట్టి ఆయన బదిలీకి పరిశీలన అవసరం లేకపోయింది. సాయంత్రానికల్లా వచ్చేసింది.

మిగిలింది క్యాప్స్ లాక్. నరసాపురం పంపాలి. పోస్టులో వేస్తే వేలెడంత లేని వస్తువు ఎక్కడైనా జారిపోతుందని త్రిపురాంతకం గారి భయం.

"గవర్రాజూ, ఎలాగూ నీకు దారి తెలుసు. పట్టుకెళ్లి అప్పగించి రా."

దానికి చలానా కావాలి. అధికారికంగా కంట్రోల్ ఏదో తేలేదాకా పాత చలానా కాపీ చెయ్యడానికి లేదు. త్రిపురాంతకం గారు ఉద్యోగ జీవితంలో మొదటిసారి సొంతంగా చెప్పవలసొచ్చింది. చెమటలు తుడుచుకుంటూ చెప్పారు: "ఈ దిగువ కనబరచినవి పంపడమైనది. ఒకటి, క్యాప్స్ లాక్. రెండు, పి. గవర్రాజు. ముట్టినట్టు రసీదు పంపవలెను. అమ్మయ్య! ఎక్కడ సంతకం పెట్టమంటావు?"

గవర్రాజు చెప్పింది చెప్పినట్టు కొట్టి, క్యాప్స్ లాక్‌ని చొక్కా జేబులో వేసుకుని రైలెక్కాడు. దారి పొడుగునా జేబు తడుముకున్నప్పుడల్లా ఒళ్లు మండింది. తను ఆరేళ్లు అడుక్కున్న ఊరికి ఇది అడక్కుండానే పోతోంది. మళ్లీ రాత్రి బండికే వెనక్కి రావలసింది తను.

నరసాపురం బ్రాంచిలో మంగతాయారు స్టోర్స్ బల్ల వెనకాల కూచుని ఉంది. అతన్ని చూడగానే మొహం వెలిగింది. అప్పగించి పోవడానికే వచ్చాడనగానే ఆరిపోయింది. చలానా తీసుకుని చదివింది. మళ్లీ చదివింది. తలెత్తి మొగుడి వంక ఓసారి, చలానా వంక ఓసారి చూసింది.

"సార్," అని మేనేజరు సుబ్బారాయుడు గారిని కేకేసింది. "హెడ్డాఫీసోళ్లు రెండు వస్తువులు పంపారండి. స్టాకులో ఎక్కించెయ్యమంటారాండీ?"

"ఆయ్, ఎక్కించెయ్యమ్మా," అన్నారాయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

మంగతాయారు ఎక్కించేసింది. "రెండూ మంచి స్థితిలో ముట్టినవి" అని రసీదు రాసి, సంతకం చేసి, ముద్ర గుద్ది, అదే ఊపులో పోస్టుకి పంపించేసింది.

"ఏం చేశావే?" అన్నాడు గవర్రాజు బిక్కచచ్చిపోయి.

"మీరు నోరు మూసుకుని ఆ కుర్చీలో కూచోండి. స్టాకులో ఉన్నది మాట్టాడకూడదు."

క్యాప్స్ లాక్ ఆ కీబోర్డుకి పట్టలేదు. కంపెనీ వేరు. అందుకని దాన్ని చేరినట్టు రాసుకుని సొరుగులో పడేశారు.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఉత్తరం ఊడిపడింది. "వస్తువు నెంబరు రెండు తక్షణము వాపసు చేయవలెను. లేనిచో తీవ్రముగా పరిగణించబడును." సుబ్బారాయుడు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. మంగతాయారు తొణక్కుండా జవాబు రాసింది. స్టాకులో ఎక్కిన వస్తువును పనికిరానిదని నిర్ధారించిన పిమ్మట తప్ప వాపసు చేయరాదని సూపరింటెండెంటు గారికి మనవి చేయనక్కరలేదు కదా అని.

విజయవాడలో త్రిపురాంతకం గారు ఆ ఉత్తరాన్ని చదివి, లేచి నిలబడి, సెక్షనంతటికీ వినపడేలా మళ్లీ చదివారట. "రూలంటే ఇదిరా! ఎవరో గాని సరస్వతి!" అన్నారట. అని, అదే పూట ఓ ఫారం పంపించారు. సదరు వస్తువు పనికివచ్చునదా, పనికిరానిదా? పరీక్షించి ధ్రువీకరించవలెను.

ఆ ఫారం భోజనాల వేళకి వచ్చింది. బల్లకి ఆవలివైపు గవర్రాజు పప్పూ మామిడికాయా కలుపుకుంటున్నాడు. ఆరేళ్ల తర్వాత వరసగా అన్ని రోజులు ఇంటి అన్నం తినడం వల్ల బుగ్గలు కాస్త పూడాయి. ఫారం చూడగానే కలుపుతున్న ముద్ద వదిలేశాడు.

"ఏం రాస్తావే?"

"కంగారెందుకండీ? పరీక్షించి రాయమన్నారు కదా." మంగతాయారు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. చొక్కా రెండో బొత్తాం లేదు. వేళ్ల నిండా పప్పు. "పాతబడ్డారండీ మీరు," అంది.

"ఇప్పుడదెందుకే తల్లీ? మళ్లీ విజయవాడ బండెక్కాలో ఏవిటో అని నా ప్రాణం పోతుంటే!"

ఆవిడ ఫారం దగ్గరికి లాక్కుంది. కింద ఖాళీ ఉన్నచోట నెమ్మదిగా, ఒక్కో అక్షరం గుండ్రంగా రాసింది.

"వస్తువు పాతదే. బాగానే పనిచేయుచున్నది. ఇక్కడ అవసరమున్నది."